అడుగు నుంచి తీసిన పుస్తకం

పసుపు సంచి ముందు పెడితే నేను పైనున్న కొమ్ముల వైపు చూడను. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి ఒకటి లాగుతాను. విరిచి లోపలి రంగు చూస్తాను, వాసన చూస్తాను. ఆర్మూర్‌లో ఇరవై ఏళ్లుగా కమీషన్ దుకాణం నడుపుతున్నాను. పైన మేలిమి సరుకు పరిచి కింద పచ్చి కొమ్ములు దాచినవాళ్లను ఎంతమందిని చూశానో. బాల్కొండ వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన నా చెయ్యి సంచిలోకి వెళ్లినప్పుడల్లా "జర నమ్మరాదు సేటూ" అని నవ్వేవాడు. నమ్మను. కానీ చూడటం అయ్యాక సంచి మూతి మళ్లీ నేనే కడతాను. రైతు సరుకును విప్పి వదిలెయ్యకూడదు, అది మా నాన్న నేర్పిన మర్యాద.

ఆ చెయ్యి ఇంట్లో కూడా ఊరుకోలేదు. మా అమ్మాయి ఇంటర్‌లో చేరినప్పటి నుంచి ఫోన్ బోర్లా పెట్టడం మొదలుపెట్టింది. గది తలుపు ఓరగా వేసుకుని తనలో తను నవ్వుకునేది. ఎవడో ఉన్నాడని నా మనసులో పడింది. ఆమె స్నానానికి వెళ్లగానే హాల్లో కుర్చీ మీదున్న కాలేజీ బ్యాగులో చెయ్యి పెట్టేవాణ్ని. బస్ పాసు, పెన్నులు, బిస్కెట్ పొడి. ఏమీ దొరకలేదని ఏ రోజూ నెమ్మదించలేదు, బాగానే దాచిందనుకున్నాను. చూశాక జిప్పు శుభ్రంగా చివరి దాకా లాగి వచ్చేవాణ్ని.

మార్చిలో, ఆమెకు పరీక్షలు, నాకు సీజన్. ఒక పొద్దున బ్యాగులో ఐదు లావుపాటి పుస్తకాలు చేతికి తగిలాయి. మాంగా అంటారట, ఇంగ్లీషులోకి మార్చిన జపాన్ బొమ్మల కథలు. నిజామాబాద్‌లో ఉండే స్నేహితురాలు చదవమని ఇచ్చిందని, అప్పటిదాకా అవి ఆమె గదిలోనే ఉండేవని తరువాత తెలిసింది. నేను అలవాటు కొద్దీ అన్నిటికంటే అడుగుదాన్ని లాగాను, మన పుస్తకంలాగే తెరిచాను. వాటిని కుడి నుంచి ఎడమకు చదవాలన్న సంగతి నాకేం తెలుసు? నా కళ్ల ముందు పడింది ఐదో పుస్తకం చివరి పేజీ. ఒక తండ్రి మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు, కూతురు కౌగిలించుకుంది. రెండు పేజీలు తిప్పితే సంగతి అర్థమైంది: తన దుకాణానికి తనే నిప్పు పెట్టి ఇన్నేళ్లూ ఎవరి మీదో తోశాడట. నాకు కోపం ముందు వస్తుంది, కారణం నెమ్మదిగా వస్తుంది.

రాత్రి అన్నం దగ్గర అందుకున్నాను. "పరీక్షలప్పుడు సదివేది గివేనా బిడ్డా? తండ్రే దుకాణం కాలవెట్టిండట, బిడ్డ మాఫ్ చేసిందట. ఏమున్నది గండ్ల?"

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "గది లాస్ట్ బుక్కు డాడీ. నేనింక సదవలే. ఎగ్జామ్స్ అయినంక సదువుదామని పెట్టుకున్న." కంచం తీసుకుని లేచిపోయింది. బ్యాగులోని పుస్తకం నాకెలా తెలుసని మాత్రం అడగలేదు. అది నేను ఆ రోజు గమనించలేదు.

"రెండు నెలల సంది గా కథే చెప్తున్నది నాకు," అంది మా ఆవిడ. "గా తండ్రి నీడ ఎందుకు పొట్టిగున్నదో ఆఖర్ల తెలుస్తదని దినాలు లెక్కవెట్టుకున్నది. మంచిగ చేసినవ్ పో."

పరీక్షలు అయిపోయాయి. ఐదో పుస్తకం ఆమె ముట్టలేదు. నాతో మాటలు 'ఆఁ', 'వద్దు' దగ్గర ఆగిపోయాయి. ఇంట్లో అందరితో నవ్వే పిల్ల నేను రాగానే మొహం దించుకుంటుంటే నాకు అన్నం సహించేది కాదు. ఒక ఆదివారం, మార్కెట్ బంద్ ఉన్న రోజు, టీవీ బల్ల మీదున్న ఐదింటినీ దుకాణానికి పట్టుకుపోయి మొదటి దాంతో కూర్చున్నాను. తెలియని మాటలు ఫోన్‌లో వెతుక్కుంటూ చదివాను.

మొదటి పుస్తకం బంగారం. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. అబద్ధం చెప్పినవాళ్ల నీడ కాస్త పొట్టిదవుతుంది, అది ఒక్క కథలోని కూతురికే కనిపిస్తుంది. ఊళ్లో అందరి నీడలూ అంతో ఇంతో తరిగినవే. కానీ సాయంత్రం పూట అందరి నీడలూ గోడలెక్కుతుంటే, దర్జీ పని చేసే ఆమె తండ్రి నీడ మాత్రం కాళ్ల దగ్గరే ఉంటుంది. ఆమె ఏమీ అడగదు. ఆ నీడను తొక్కకుండా పక్కనే నడుస్తుంది. ఆ బొమ్మ దగ్గర నేను చాలాసేపు ఆగాను.

మూడో పుస్తకంలో నీడలకు కత్తులు మొలిచాయి. బడుల మధ్య నీడల పోటీలట! ఒకణ్ని మించిన వీరుడు ఇంకొకడు, వాడి నీడకు రెక్కలు. తండ్రి ఊసే లేదు. నాలుగోదంతా కొట్లాటే. ఐదోదాని చివరికి రాసినవాడికి తండ్రి గుర్తొచ్చి రెండు పేజీల్లో ఏడిపించి చేతులు దులుపుకున్నాడు. మంచి నమూనా సంచి చూపించి నాసిరకం సరుకంతా అంటగట్టినట్టే. అన్నేళ్లు ఆ నీడను చూస్తూ పిల్ల ఎలా బతికింది? ఆ ఒక్కటి వాడు రాయలేదు.

సాయంత్రం మా అమ్మాయి మిద్దె మీద బట్టలు తీస్తోంది. "మొదటి రెండు బంగారం బిడ్డా. మూడోదాంట్ల మోసం చేసిండు," అన్నాను.

ఆమె ఆగింది. "మూడోది కాదు. రెండోదాని ఆఖర్లనే నాకు డౌటొచ్చింది. గా రెక్కల నీడ వీరుడు దిగినప్పుడే."

ఇన్ని రోజుల్లో అదే మొదటి నిండు మాట. ఇద్దరం కలిసి ఆ రాసినవాణ్ని కాసేపు తిట్టుకున్నాం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో అనేశాను: "అసలు గా తండ్రి తనే ముందుగాల చెప్పుకోవాలె. బిడ్డ నీడ చూసేదాక ఉండుడేంది?"

"అయితే నువ్వు చెప్పు," అంది ఆమె, బట్టలు మడత పెడుతూనే.

చెప్పేశాను. "నీ బ్యాగుల చెయ్యి వెట్టిన. పుస్తకాల కోసం కాదు. ఎవడన్న ఉన్నడేమోనని."

"నాకు ఎర్కనే."

"ఎట్ల?"

"జిప్పు నేను బెత్తెడు తెరిచే పెడ్త. తానం చేసి వచ్చేసరికి మొత్తం పెట్టి ఉంటది. సంచి చూసినంక మూతి కట్టే అలవాటు నీకే గదా డాడీ."

"ఎప్పటి సంది?"

"కాలేజీల చేరిన వారం సంది."

అంటే ఏడాది పొడుగునా. నేను ఆమెను పరీక్షిస్తున్నాననుకున్న ప్రతి పొద్దునా ఆమె నన్ను పరీక్షించింది, ఒక్క మాట అనకుండా నా ఎదురుగా కూర్చుని టిఫిన్ తింది. సిగ్గుతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చూసింది, కానీ దగ్గరికి రాలేదు. బట్టలు తీసుకుని కిందికి వెళ్లింది.

మరునాడు బ్యాగు కుర్చీ మీదే ఉంది. జిప్పు బెత్తెడు తెరిచి ఉంది. చూశాను, ముట్టలేదు. చెప్పులేసుకుని మార్కెట్‌కు వెళ్లిపోయాను. దారంతా ఒకటే ఆలోచన: గుర్తు ఇప్పుడు నాకు తెలిసిపోయింది. ఆమె వచ్చి చూసేసరికి జిప్పు బెత్తెడే ఉన్నా, నేను ముట్టలేదని ఆమె ఎలా నమ్ముతుంది?