పిట్ట మీద పందెం

మొన్న మా అవ్వకు, అంటే అమ్మకు, పిట్టకు పెట్టిన రోజు, ఎంతసేపు చూసినా ఒక్క కాకి కూడా రాకపోయేసరికి, మా తమ్ముని అల్లుడు జేబులోంచి ఫోను తీసి కాకి కూతలు పెట్టాడు. దాన్ని విస్తరి పక్కన ఒక రాయికి ఆనించి మేమంతా కొంచెం వెనక్కి జరిగాం. మెట్‌పల్లి బయట వాగు ఒడ్డున, ఎండ ఎక్కుతుండగా, ఫోను కావుకావుమని అరుస్తుంటే తలలు నెరిసిన మేము ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాం. అవ్వ ఉంటే అందరికంటే ముందు తనే నవ్వేది. నాకూ నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మా వైపు వాళ్ళకు ఈ పద్ధతి చెప్పనక్కర్లేదు గానీ తెలియనివాళ్ళు ఉంటారేమోనని చెబుతున్నాను. మనిషి పోయిన తర్వాత దినాల్లో, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండుకొని ఊరి బయటికి వెళ్ళి, మోదుగాకు విస్తట్లో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తాం. ముడితే పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే విస్తరి ముందుకు వచ్చి ఫలానాది చేస్తామని మాట ఇస్తారు, ఎవరి మాట దగ్గర పిట్ట వాలితే అదే పోయిన మనిషి కోరిక అనుకుంటారు. అంతదాకా ఇంటివాళ్ళెవరూ ముద్ద ముట్టరు.

అవ్వ విస్తట్లో సర్వపిండి, పచ్చిపులుసు, అన్నం, ఒక చిన్న గ్లాసులో చాయ ఉన్నాయి. చాయ అప్పటికే చల్లారిపోయి పైన మీగడ కట్టింది. తమ్ముడు మాట ఇచ్చాడు, తమ్ముని కూతురు మాట ఇచ్చింది, పిట్ట రాలేదు. అప్పుడు మా మరదలు, అంటే తమ్ముని భార్య, నా పక్కకు వచ్చి మెల్లగా అంది.

"వదినె, నువ్వొక్క మాట అనరాదు. 'అవ్వా, ఇగ నుంచి దేవునికి మొక్కుత' అను. అవ్వ పాణం నీ మీదనే కొట్టుకుంటుండె. గా మాటింటే పిట్ట ఒస్తది."

ఆమె మెల్లగా అన్నా అందరికీ వినిపించింది, అందరూ నా వైపే చూశారు. నేను బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయినదాన్ని, చిన్నప్పటినుంచీ దేవుడున్నాడనడానికి సాక్ష్యం ఏమిటని అడుగుతూ వచ్చినదాన్ని, ఇంట్లో ఏ పూజలోనూ కూర్చోనిదాన్ని. ఇది అక్కడున్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. మరదలు చెడ్డది కాదు. అవ్వ మంచం పట్టినప్పటినుంచీ నీళ్ళు పోసిందీ, ముద్ద కలిపి పెట్టిందీ ఆమే. షుగరు మనిషి, పొద్దుటినుంచి ఏమీ తినలేదు. ఒక్క మాట అంటే పోయేదేముంది అనిపించింది. అవ్వ కోసమే కదా, ఆ అబద్ధం ఎవరికి నష్టం అనుకొని ఒక అడుగు ముందుకు వేశాను కూడా. వేసిన తర్వాత వాగు అవతలి గట్టు కనిపించింది. అక్కడే, నేను బళ్ళో చదువుకునే రోజుల్లో, బాపుకు, అంటే నాన్నకు, పిట్టకు పెట్టాం.

బాపు మగ్గం నేసేవాడు. మా ఇంట్లో వాకిట్లోకి అడుగుపెడితే ముందు మగ్గం గుంట, తర్వాతే మనుషులు. పొద్దున నిద్ర లేచేది మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడుకే. బాపు దమ్ము జబ్బుతో, ఆయాసపడుతూ చాలాకాలం దగ్గి దగ్గి ఒక వానాకాలంలో పోయాడు. తమ్ముడు అప్పటికి అవ్వ చంకలో ఉన్నాడు. నేను బడిలో పైతరగతికి వచ్చాను. మా బజారులో ఆడపిల్లలు అంతదాకా చదవడం లేదు, బాపు మాత్రం నన్ను రోజూ తనే బడి దగ్గర దిగబెట్టి వచ్చి మగ్గం గుంటలోకి దిగేవాడు.

పెదబాపు, అంటే బాపుకు అన్న, ఆ రోజు పెద్దమనిషిగా నిలబడ్డాడు. ఆయనను ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు. తమ్ముని మగ్గం ఎవరు నేస్తారు, ముగ్గురికి తిండి ఎట్లా అన్న బెంగ ఆయనది. ఆయన నేయాలంటే పక్కన కూర్చొని నూలు కండెలు చుట్టే చేయి ఒకటి కావాలి, ఆ చేయి నాదైతే అన్నీ కుదురుతాయి. ఆ మాట మామూలుగా అడిగి ఉంటే అవ్వ ఏమనేదో తెలియదు. ఆయన అట్లా అడగలేదు. విస్తట్లో అన్నం, కోడికూర, కల్లు ముంత, బీడీకట్ట పెట్టి మేమంతా ఆకలితో నిలబడి ఉండగా, పిట్ట రాక మధ్యాహ్నం అవుతుండగా, ఆయన అవ్వతో అన్నాడు.

"వాని పాణం గీ పిల్ల మీదనే ఉన్నది. బడి బందు వెట్టిచ్చి కండెలు సుట్టిపిస్త అని మాటియ్యి. గిట్ల అనంగనే గట్ల పిట్ట వాలకుంటే నన్నడుగు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా అనమన్నారు. ఒకామె అవ్వ భుజం పట్టుకొని ముందుకు నెట్టింది. చచ్చిపోయిన బాపు, ఏదో పిట్టలో కూర్చొని, నా బడి మాన్పించడం కోసం ఎదురుచూస్తున్నాడని అంతమంది నమ్ముతున్నారు. నిజంగా అదే బాపు కోరికేమోనన్న భయం నాకూ ఒక క్షణం కలిగింది. అప్పుడే పక్కన ఉన్న మక్కచేను, అంటే మొక్కజొన్న చేను వైపు చూశాను. చేను గట్టు మీద గుంజ పాతి, దానికి చచ్చిన కాకిని తలకిందులుగా వేలాడదీశారు. పంట మీద పక్షులు వాలకుండా మా దగ్గర రైతులు అట్లా కడతారు, ఒక కాకి చచ్చి వేలాడుతుంటే ఇంకో కాకి ఆ చాయలకు రాదు. నేను గట్టిగా అరిచి చూపించాను. బాపు అలిగి కాదు, ఆ కాకిని చూసి పిట్టలు రావడం లేదని అన్నాను. పెదబాపు నా వైపు ఉరిమి చూసి, చావు దగ్గర తెలివి చూపించొద్దన్నాడు.

అవ్వ ఆ కాకిని చూసింది, నన్ను చూసింది. నా మాట పట్టుకొని వాదిస్తుందని ఎదురుచూశాను. ఆమె ఆ ఊసే ఎత్తలేదు. తమ్ముణ్ణి నా చేతికిచ్చి విస్తరి దగ్గరికి నడిచింది.

"బావా, ఆయనతోటి కాపురం జేసినదాన్ని నేను. ఆయన మనసుల ఏమున్నదో పిట్టను అడిగి తెలుసుకునే కర్మ నాకు పట్టలే. పిల్లను బడికి తోలింది ఆయననే. మాన్పియ్యుమని ఆయన అనడు."

"మరి పిట్ట ముట్టకుంటే మేమందరం ఉపాసముండాల్నా?"

"ఆకలైతే తినుండ్రి. ఆయన ఎన్నడన్న ఎవ్వల్నన్న పస్తు వెట్టిండా?"

అని విస్తరిని తన చేతులతో తీసి, అన్నం వాగు ఒడ్డున మేస్తున్న ఆవుకు పెట్టింది. కల్లు నేల మీద వంచింది. తిరిగి వస్తుంటే, మేము వెళ్ళాక ఆ చోట పిట్ట వాలిందేమో చూడాలని నేను మెడ తిప్పాను. అవ్వ నా తల మీద చేయి పెట్టి ముఖం మళ్ళీ ముందుకు తిప్పింది. ఆ అరచేయి బరువు ఇప్పటికీ నాకు తెలుసు.

నేను చూసిన కారణాన్ని అవ్వ వాడుకోలేదని చాలా రోజులు ఉక్రోషంగా ఉండేది. అంత స్పష్టంగా కళ్ళముందు వేలాడుతుంటే ఎందుకు చెప్పలేదని ఒకరోజు గంజి పెట్టిన నూలు ఆరబెడుతుండగా అడిగాను. అవ్వ పోగు సరిచేస్తూనే జవాబు చెప్పింది.

"గా కాకిని తీసేసినంక గూడ పిట్ట రాకపోతే ఏం జేస్తుంటివి? నీ బడిని తీస్కపోయి పిట్ట మీద పందెం వెడుదునా?"

ఓడిపోకూడదని ఇంకోటి అడిగాను. మరి దేవుడున్నాడని నీకెట్లా తెలుసు, చూశావా అన్నాను.

"తెల్వది. మొక్కుత. తెలిస్తే మొక్కుడెందుకు, పోయి మాట్లాడుదును."

అది దాటవేత అనుకున్నాను అప్పుడు. ఆ మరుసటి ఏడాది ఆమె నన్ను కొండగట్టుకు తీసుకుపోయింది. బస్సు దిగి జనంలో నలుగుతూ ఆంజనేయస్వామి ముందు నిలబడి, రెప్పపాటు చేతులు జోడించి బయటికి వచ్చేసింది. పక్కన ఒకాయన కొడుకు ఉద్యోగానికి ఏదో గుర్తు చూపించమని గట్టిగా బతిమాలుతున్నాడు. నువ్వేం అడిగావని అవ్వను అడిగితే, "అడగలే, వచ్చిన్నని చెప్పిన" అంది. మెట్ల పక్క నీడలో కూర్చొని మేము తెచ్చుకున్న రొట్టెలు తిన్నాం. కోతులు ఒక రొట్టె ఎత్తుకుపోయాయి, అవ్వ వాటిని తిట్టిన తిట్లను ఆంజనేయుడు కూడా విని ఉంటాడు.

నా చదువు ఆగలేదు. అవ్వ తనే మగ్గం గుంటలోకి దిగింది, పెదబాపు కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉండి, తర్వాత తనే వచ్చి పాత పోగులకు కొత్త పోగులు కలిపి అచ్చు అతికి ఇచ్చి పోయాడు. నాకు జైనూరులో బడిపంతులమ్మ ఉద్యోగం వచ్చింది. అడవి మధ్య, సాయంత్రమైతే చేయడానికేమీ లేని ఊరు అప్పట్లో. దేవుడున్నాడని రుజువు చేసిన పుస్తకాలు, లేడని రుజువు చేసిన పుస్తకాలు దొరికినన్ని తెప్పించుకొని చదివాను. నాతో ఒకే గదిలో ఉండిన పంతులమ్మ కరీంనగర్ ముస్లిముల ఇంటిపిల్ల, వేళ తప్పకుండా నమాజు చేసేది. ఆమె చాప మడిచీ మడవకముందే నేను వాదన మొదలుపెట్టేదాన్ని. ఆమె కోపం తెచ్చుకోకుండా "నీ సవాళ్ళు నీకు, నా నమాజు నాకు, ముందుగాల జర చాయ వెట్టు" అనేది. ఆ చాయ తాగుతూ మేము వాదించుకున్నన్ని సంగతులు తర్వాత ఎవరితోనూ వాదించలేదు. ఎవరి నమ్మకం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, స్నేహం మాత్రం పెరిగింది.

సెలవులకు ఇంటికి వెళితే అవ్వ నా సంచిలో పుస్తకాలు చూసి "ఏం బిడ్డా, దొరికిండా?" అని అడిగేది. ఇంకా దొరకలేదనేదాన్ని. "దొరికితే నాకు చెప్పు. నాకు ఆయనతోటి పంచాయితీ ఉన్నది" అనేది. ఆ పంచాయితీ ఏమిటో చెప్పేది కాదు. బాపును అంత తొందరగా ఎందుకు తీసుకుపోయావని అడగడం తప్ప ఇంకేముంటుంది. రోజూ మొక్కే మనిషికి కూడా అడగవలసింది ఉంటుందని, నమ్మకం అంటే నోరు మూసుకోవడం కాదని నాకు అప్పుడు కొంచెం కొంచెంగా అర్థమైంది. నమ్మినవాళ్ళు దేవుణ్ణి ప్రశ్నించవచ్చా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. అవ్వ అడిగింది, ఆమె నమ్మకానికి ఏమీ కాలేదు. దేవుడి తరఫున, చచ్చిపోయినవాళ్ళ తరఫున ఇదిగో సాక్ష్యం అని పట్టుకొచ్చేవాళ్ళను మాత్రం తప్పకుండా ప్రశ్నించాలి. ఆ సాక్ష్యం వెనక వాళ్ళకు కావలసింది ఏదో ఒకటి ఉంటుంది. పెదబాపుకు కండెలు చుట్టే చేయి కావలసి వచ్చినట్టు.

మొన్న వాగు ఒడ్డున ఇదంతా నా మనసులో తిరగడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఫోను ఇంకా అరుస్తూనే ఉంది. దాన్ని ఆపమన్నాను. విస్తరి ముందు నిలబడి, అందరూ వినేటట్టుగానే అన్నాను.

"అవ్వా, మొక్కుత అని అబద్ధమాడను. నీతోటి ఎన్నడు ఆడలే, ఇప్పుడు గూడ ఆడను."

పిట్ట రాలేదు. విస్తరి తీసి ఒడ్డున మేస్తున్న ఆవుకు పెట్టమని తమ్మునితో చెప్పాను. బాపు దినం వాడికి గుర్తుండదు, ఆ రోజు నా చంకలో నిద్రపోయాడు. వాడు భార్య వైపు చూశాడు, నా వైపు చూశాడు, చివరికి వంగి విస్తరి ఎత్తాడు. ఆకలైతే తినండి, అవ్వ ఎవరినీ పస్తు పెట్టలేదన్నాను. అప్పటిదాకా బిగపట్టుకొని ఉన్న మరదలు ఏడుపు అందుకుంది.

"మరి అవ్వ సల్లగ పోయిందని నాకెట్ల తెలువాలె, వదినె?"

ఆమెకు కావలసింది నా మొక్కు కాదని అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళు చేసిన చాకిరీ సరిపోయిందో లేదో ఆమెకు ఎవరైనా చెప్పాలి. అది అవ్వ నోటితో వినే దారి లేక పిట్టను అడుగుతోంది. ఆమె చేతులు పట్టుకున్నాను. నీళ్ళు పోసేటప్పుడు అవ్వ నీ భుజమే పట్టుకునేది, నేను పట్టుకుంటానంటే రానిచ్చేది కాదు, అది నేను కళ్ళారా చూసినదే, అంతకంటే ఎక్కువ పిట్టకేం తెలుసు అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. సంచిలో మిగిలిన సర్వపిండి విరిచి ముందు ఆమె నోట్లో పెట్టాను.

వెనక్కి తిరిగి చూడకుండా నడిచాం. ఈసారి నా తలను ముందుకు తిప్పవలసిన అవసరం ఎవరికీ రాలేదు. తెల్లవారి మేడ మీద పిట్టగోడ మీదికి ఒక కాకి వచ్చి వాలింది. వదినె, అవ్వొచ్చింది సూడు అని మరదలు కేక వేసింది. నేను వాదించలేదు. కాకి వచ్చిందన్నాను, రొట్టెముక్క తెచ్చి వేశాను.

ఇప్పుడు ఆ వాగు పక్కన మక్కచేలు ప్లాట్లు అయ్యాయి. గుంజకు కట్టడానికి చచ్చిన కాకి కాదు కదా, పిలిస్తే వచ్చే బతికిన కాకి కూడా కరువైంది. మగ్గం గుంట పూడ్చి దాని మీద బండలు పరిచారు. నా పుస్తకాలు అలమారలో ఉన్నాయి, ఇంకా చదువుతూనే ఉన్నాను, చూపు ఉన్నంతకాలం చదువుతాను, అడగడం మానను. ఏదో ఒకరోజు ఆ దేవుడు దొరికినా దొరకవచ్చు. దొరికితే మాత్రం, చెప్పమన్న మనిషి లేదు కాబట్టి, ఆమె పంచాయితీ నేనే పెట్టాలి.