బొటనవేలంత జాగా

మా పాప బడిలో పరుగెత్తదని నాకు ఒక శనివారం పొద్దున తెలిసింది. ఢిల్లీ ద్వారకలో మా సొసైటీకి రెండు వీధుల అవతలే దాని స్కూలు. ఆ రోజు తల్లిదండ్రుల మీటింగు. ఒకటో తరగతి టీచరు చదువు గురించి మంచి మాటలే చెప్పింది. లెక్కలు తప్పు లేకుండా చేస్తుందట, హిందీ పద్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుందట. చివర్లో మాత్రం గొంతు తగ్గించింది.

"గేమ్స్ పీరియడ్‌లో వాటర్ బాటిల్ పట్టుకుని మెట్ల మీద కూర్చుంటుంది మేడమ్. ఎంత పిలిచినా రాదు. ఒంట్లో ఏమన్నా ఇబ్బందా?"

నాకు నవ్వాగలేదు. ఇంట్లో ఈ పిల్లా, నాలుగేళ్ళ దాని తమ్ముడూ కలిసి వంటింటి నుంచి బాల్కనీ దాకా పరుగు పందాలు పెట్టుకుంటారు. కింది ఫ్లాటు ఆంటీ వారానికోసారి పైకొచ్చి, తన నెత్తి మీద పెచ్చులు రాలుతున్నాయని చెప్పి, టీ తాగి వెళ్తుంది. అలాంటి పిల్ల మెట్ల మీద కూర్చుంటుందంటే నమ్మేదెలా?

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఏమే, ఎందుకు పరుగెత్తట్లేదంట?"

నేను తెలుగులో అడగడం, అది హిందీలో జవాబివ్వడం మాకు మామూలే. "మై నహీఁ భాగ్‌తీ మమ్మీ. జూతే భాగ్ జాతే హైఁ."

తను పరుగెత్తదట, బూట్లే పరుగెత్తిపోతాయట. మెల్లగా మిగతాది కూడా చెప్పింది. కొన్నాళ్ళ కింద పరుగు పందెంలో దాని కుడి బూటు ఊడి, గాల్లో లేచి, వెళ్ళి టీచరు కుర్చీ పక్కన పడింది. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి గేమ్స్ పీరియడ్ రాగానే దానికి దాహం మొదలవుతోంది.

ఆ బూట్లు కొన్నది నేనే. స్కూలు తెరిచినప్పుడు ఆన్‌లైన్‌లో, రెండు సైజులు పెద్దవి చూసి మరీ కొన్నాను. ముందు భాగంలో దూది కుక్కి, పట్టీ గట్టిగా బిగించి పంపాను. మా అమ్మ నేర్పిన పద్ధతి అది. "పిల్లల కాళ్ళు దొండపాదులాగా పెరుగుతాయే. ఇవాళ సరిపోయేది కొంటే రేపటికి బిగుసుకుపోద్ది" అనేది బాపట్లలో మాకు బూట్లు కొన్నప్పుడల్లా. నేనూ అదే తెలివి అనుకున్నాను.

ఇంటికి రాగానే పాపను సోఫా మీద కూర్చోబెట్టి పాదాలు చేతిలోకి తీసుకున్నాను. మడమల వెనక చర్మం ఒరుసుకుని ఎర్రగా కమిలి ఉంది. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నడిచేటప్పుడు బూటు జారిపోకుండా వేళ్ళతో పట్టుకుని నడిచి నడిచి, బూటు విప్పినా వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

నేను నర్సుని. మా వార్డులో షుగరు రోగులే ఎక్కువ. రోజూ డ్యూటీ ఎక్కగానే నా మొదటి పని వాళ్ళ పాదాలు చూడటం. వేళ్ళ సందుల్లో టార్చి వేసి మరీ చూస్తాను. వాళ్ళ ఇళ్ళవాళ్ళకి "సరైన చెప్పులు వేయించండి, వదులువీ ఇరుకువీ వద్దు" అని హిందీలో, తెలుగులో, చేతనైన మలయాళంలో కూడా చెబుతాను. ఊళ్ళో వాళ్ళ కాళ్ళన్నీ చూసే దాన్ని, నా కడుపున పుట్టిన పిల్ల కాళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

అక్క పాదాలకు ఇంత మర్యాద జరుగుతుంటే తమ్ముడు ఊరుకుంటాడా? వాడూ వచ్చి, "మేరా భీ దేఖో" అంటూ నా ఒళ్ళో కాలు పెట్టాడు. వాడివి పోయినేటి ఎర్ర బూట్లు, నడిస్తే మడమల్లో దీపాలు వెలుగుతాయి. విప్పి చూద్దును కదా, చిటికెన వేలు పక్కవేలి కింద దూరి పడుకుని ఉంది. బూటు ఎప్పుడో ఇరుకైపోయింది. దీపాలు పోతాయన్న భయంతో వాడు ఒక్కసారి కూడా నొప్పి అనలేదు.

మా ఆయన నోయిడాలో ఆఫీసుకి రోజూ మెట్రోలో ఈ కొస నుంచి ఆ కొసకి పోయి వస్తారు. ఆ సాయంత్రం నేను చెప్పిందంతా విని, రెండు జతలూ పక్కపక్కన పెట్టి చూసి, "ఒకళ్ళకి పడవలు, ఒకళ్ళకి అగ్గిపెట్టెలు. బానే కొన్నాం ఇద్దరం" అన్నారు. ఇద్దరం అన్నారని నాకెంత ఊరటగా ఉందో.

మర్నాడు ఒక మాల్‌కి వెళ్ళాం. అక్కడి బూట్లు చేతిలోకి తీసుకుంటే బన్నులంత మెత్తగా ఉన్నాయి. మా ఆయన ఒకదాన్ని తిప్పి ధర చూసి, నిద్రపోతున్న పసిబిడ్డని పడుకోబెట్టినంత జాగ్రత్తగా మళ్ళీ అరలో పెట్టారు. ఆరు నెలల్లో పొట్టయ్యే వాటికి అంత పెట్టలేమని ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేకపోయింది. చౌకగా దొరికే సరోజినీ నగర్ బజారుకి పోదామనుకున్నాం.

శుక్రవారం సాయంత్రం మా ఆయన చార్టు కాగితం తెచ్చి నేల మీద పరిచారు. పాదాల కొలత గీసుకుని పోతే మోసపోమని ఆయన నమ్మకం. పాప బొమ్మలా కదలకుండా నిలబడి గీయించుకుంది. చిన్నాడికి పెన్సిలు అరికాలి అంచుకి తగలగానే చక్కిలిగింతలు. ఎగిరి, దొర్లి, కాగితం మీదే కూర్చుండిపోయాడు. నాలుగుసార్లు గీస్తే ఒక బొమ్మలో వాడికి ఆరు వేళ్ళొచ్చాయి. ఇంకోదాన్ని చూసి పాప, "డాడీ, యే తో ఆలూ హై" అంది. నిజంగానే బంగాళాదుంపలా ఉంది. ముగ్గురూ కాగితం మీద పడి నవ్వుతుంటే, అన్నం చల్లారిపోతోందని చెప్పడానికొచ్చిన నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన కూలబడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం రాజౌరీ గార్డెన్‌లో మెట్రో మారి సరోజినీ చేరాం. బట్టల కోసం వచ్చిన జనంతో సందులన్నీ కిటకిటలాడుతున్నాయి. బూట్లు గుట్టగా పోసిన మొదటి బండి దగ్గర చిన్నాడికి ఒక జత తొడిగి చూశాం. వేళ్ళు ఇరుకుగా ఉన్నాయంటే, "పహన్‌నే సే ఖుల్ జాయేగా, దీదీ" అన్నాడు బండతను. వాడగా వాడగా వదులవుతుందట. రెండో చోట పాపకి పెద్దవి చూపించి, "బడా లే లో, ఏక్ సాల్ చలేగా" అన్నాడు ఇంకొకతను. ఏడాది వస్తాయనగానే నా చెయ్యి దానంతటదే పర్సు మీదకి పోయింది. మా ఆయన దగ్గారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మార్కెట్టు వెనక సందులో, కూరగాయల దుకాణాలు దాటాక, చిన్నపిల్లల బూట్లు మాత్రమే అమ్మే ఇరుకు కొట్టు కనిపించింది. నెరిసిన జుట్టుకి గోరింటాకు పెట్టుకున్న ఒక పెద్దావిడ గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉంది. విదేశాలకి పంపగా మిగిలిపోయిన సరుకు ఆమె దగ్గర దొరుకుతుంది. కుట్టు కాస్త వంకర పోయినవీ, రంగు ఒక పిసరు తేడా వచ్చినవీ. మా ఆయన గర్వంగా చార్టు కాగితం విప్పారు. ఆవిడ ఆ ఆరువేళ్ళ పాదాన్ని కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"కాగజ్ థోడీ చలేగా, బేటా. బచ్చా చలేగా."

నడిచేది కాగితం కాదు, పిల్ల. ఆ కాగితాన్నే నేల మీద పరిచి, దాని మీద పాపని మేజోళ్ళతో నిలబెట్టింది. కూర్చోబెట్టి కొలవకూడదట, బరువు పడితే పాదం సాగుతుందట. రెండు కాళ్ళూ చూసి, ఎడమది కాస్త పెద్దదని చెప్పింది. ఆరేళ్ళుగా పెంచుతున్నాను, నాకా సంగతి తెలియదు. పెద్ద కాలికి సరిపోయేదే తీసుకోవాలంది. ఒక నల్ల బూటు తీసి, లోపలి మెత్తని అట్ట బయటికి లాగి, దాని మీద పాపను నిలబెట్టింది. వేళ్ళ ముందు తన బొటనవేలు అడ్డంగా ఆనించింది.

"ఇత్‌నీ జగహ్. బస్. న కమ్, న జ్యాదా."

బొటనవేలంత జాగా. అంతే. తర్వాత బూటు తొడిగి, మడమ దగ్గర వేలు పెట్టి అది జారడం లేదని చూసి, పాప వీపు మీద తట్టింది. "జా, భాగ్."

పాప కదల్లేదు. నా వైపు చూసింది. సందులో ఇంతమంది ముందు మళ్ళీ బూటు ఎగిరిపోతే? దాని కళ్ళల్లో ఆ భయమే కనిపించింది. "ఫర్లేదురా, నడువు చాలు" అన్నాను.

ఈలోగా చిన్నాడి కాళ్ళకి ఆవిడ నీలం బూట్లు తొడుగుతోంది. ఒక్కటి తొడిగిందో లేదో, "భాగ్" అన్న మాట వాడు తన గురించే అనుకున్నాడు. ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో లేచి సందులోకి దూకాడు.

"ఒరేయ్!" అని అరిచాను. నేను రెండడుగులు వేసేసరికి నా చెప్పు పట్టీ తెగింది. మా ఆయన రెండు చేతుల్లోనూ సంచులు. వాడు కొత్తిమీర బుట్టని తప్పించుకుని, ఎవరిదో చీర కుచ్చెళ్ళ పక్క నుంచి దూరి, పెద్ద సందు జనం వైపు పోతున్నాడు.

అప్పుడు నా పక్క నుంచి ఏదో దూసుకుపోయింది. మా పాపే. రెండు జడలూ వెనక్కి ఎగురుతున్నాయి, కాళ్ళు నేలకి ఆనుతున్నాయో లేదో తెలియడం లేదు. "రుక్! రుక్ జా, బుద్ధూ!" అని అరుస్తూ మనుషుల మధ్యనుంచి మలుపులు తిరుగుతూ పోయి, మొక్కజొన్నకంకులు కాల్చే బండి దగ్గర తమ్ముడి చొక్కా కాలరు దొరకబుచ్చుకుంది.

నేను ఒక కాలికి చెప్పుతో కుంటుకుంటూ చేరేసరికి, ఇద్దరూ రొప్పుతూ పగలబడి నవ్వుతున్నారు. పాప ఒక్కసారి వంగి తన కాళ్ళ వంక చూసుకుంది. రెండు బూట్లూ ఉన్నాయి.

"మమ్మీ, నిక్‌లా నహీఁ!" అంది. ఆ వెంటనే ఎందుకో తెలుగులో కూడా చెప్పింది. "ఊడలేదు!"

తమ్ముణ్ణి నా చేతికి అప్పగించి, కొట్టు దాకా మళ్ళీ పరుగెత్తింది. అక్కణ్ణుంచి మళ్ళీ నా దగ్గరికి. ఎవరూ తరమకుండానే ఆ సందులో మూడుసార్లు అటూ ఇటూ పరుగెత్తింది. కూరగాయల వాళ్ళు బుట్టలు వెనక్కి జరిపి దారిచ్చారు. పెద్దావిడ స్టూలు మీద కూర్చునే చప్పట్లు కొట్టి, "పాస్ హో గయీ!" అంది.

బేరం ఆడదామనుకుని ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను. రెండు జతలకీ అప్పటికే సందు బురద అంటింది, ఇంక ఏ మొహంతో ఆడను? ఆవిడే నేననుకున్న దానికన్నా తక్కువ చెప్పింది. దీపాలు లేవని చిన్నాడు మొహం ముడిస్తే, నీలం బూట్లకి పసుపు లేసులు ఎక్కించి ఇచ్చింది. వాడికి పండగే. సంచిలో ఉన్న పాప పాత బూట్లు చూసి, దూది తీసి దాచమంది, ఏడాదికి అవి సరిగ్గా సరిపోతాయంది. నాకు మాత్రం పక్క కొట్లో ఒక జత రబ్బరు చెప్పులు కొనుక్కుని కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు ఫోన్లో అమ్మకి ఇదంతా చెప్పాను.

"అయితే మీ చిన్నప్పుడు మీకూ నొప్పెట్టేదంటావా?"

"నేను బూట్లు స్కూలు గేటు దాకా చేత్తో పట్టుకునే పోయేదాన్నమ్మా. నీకు తెలీదా?"

"ఓసి దొంగముండా! అందుకేనా అన్నేళ్ళు అరక్కుండా ఉన్నాయి? నేనేదో మంచి కంపెనీ అని ఊరంతా చెప్పాను!"

ఇద్దరం నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాం.

చలికాలం మొదట్లో స్కూల్లో స్పోర్ట్స్ డే పెట్టారు. మా ఆయన సెలవు పెట్టారు, నేను డ్యూటీ మార్చుకున్నాను. ఆరుగురు పిల్లల పందెంలో మా పాప నాలుగోది వచ్చింది. ముగింపు గీత దాటాక కూడా ఆగలేదు. మైదానం చివర గోడ దాకా పోయి, గోడని అరచేత్తో తట్టి, మా వైపు చేతులూపుకుంటూ తిరిగొచ్చింది. మొదటి బహుమతి వచ్చిన పిల్ల తల్లి కన్నా నేనే గట్టిగా అరిచానని మా ఆయన ఇప్పటికీ అంటారు.

ఆ ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక, చర్చి హాల్లో ఈ కథ చెప్పాను. అక్కడికొచ్చే ఆడవాళ్ళలో సగం మంది నాలాంటి నర్సులే. ఒకామె తన కొడుకు బూటు నొక్కి చూసి, "అయ్యో, వేళ్ళు కొసకి ఆనుకునే ఉన్నాయే!" అంది. ఇంకొకామె కూతురి బూటు విప్పితే లోపలినుంచి గుడ్డపేలిక బయటపడింది. పాస్టరమ్మగారు టీ కప్పు పక్కన పెట్టి తన మనవరాలిని పిలిచారు. పది నిమిషాల్లో హాల్లో పిల్లలంతా బూట్లు విప్పి బెంచీల మీద వరసగా నిలబడ్డారు.

తర్వాతి శనివారం ఐదు కుటుంబాలం కలిసి సరోజినీ వెళ్ళాం. పదకొండు మంది పిల్లలు. కొట్టు ముందు మా ఊరేగింపుని చూసి పెద్దావిడ నోరు తెరిచి, స్టూలు మీది నుంచి లేచి, దాన్ని నా వైపు తోసింది.

"తూ నాప్, మై నికాల్‌తీ హూఁ."

కొలిచే పని నాకిచ్చి, తను లోపలికి వెళ్ళి డబ్బాలు దించసాగింది. నేను కొంగు దోపుకుని కూర్చున్నాను. పాస్టరమ్మగారి మనవరాలు ముందుకొచ్చి, నా మోకాళ్ళ మీద చేతులు ఆనించి నిలబడి, "ఆంటీ, గుద్‌గుదీ మత్ కర్‌నా" అంది. చక్కిలిగింతలు పెట్టొద్దట. అప్పటికే దానికి నవ్వు ఆగడం లేదు.