కీరా ముక్కలతో పెళ్ళిచూపులకు

కీరా ముక్క వల్ల పెళ్ళి సంబంధం చెడిపోతుందని మీకెవరైనా చెప్పారా? నాకూ చెప్పలేదు. చెప్పి ఉంటే బొబ్బిలి దగ్గర ఓ ఇంటి అరుగు మీద నా పరువు అలా గంగలో కలిసేది కాదు.

విజయనగరంలో నాకో సిమెంటు కొట్టుంది. అందులో కూర్చుని కూర్చుని, బస్తాకీ నాకూ తేడా తెలియనంతగా పెరిగాను. డాక్టరుగారు "తగ్గాలండీ" అన్నారు. తగ్గుదామనుకున్నాను. నేరమా అది? అన్నం, నూనె, తీపి మానేశాను. పొద్దున చోడి అంబలి, అంటే రాగిజావ, తర్వాత కీరా ముక్కలు, జీలకర్ర నీళ్ళు. ఆకలి రుచెరుగదంటారు, శుద్ధ అబద్ధం! ఆకలికి పక్కవీధిలో వేగే గారె రుచి కూడా తెలుస్తుంది.

సరిగ్గా అప్పుడే మా బావమరిది రమణకి పెళ్ళిచూపులు. మామగారు లేరు కనుక పెద్దమనిషిని నేనే. మా ఆవిడ లక్ష్మి ముందే హెచ్చరించింది.

"ఆళ్ళింట్లో మీ డైటింగు సూపించకండి. ఒక్క పూట తింతే సచ్చిపోరు."

"డైటింగంటే డైటింగే!" అన్నాను. అంత పౌరుషం ఎక్కడినుంచి వచ్చిందో! అంబలిలో ఉండి ఉంటుంది.

బొబ్బిలి దగ్గర వాళ్ళింటి అరుగు మీద కూర్చోగానే పిల్ల వచ్చి సున్నుండల పళ్ళెం నా ముందు పెట్టింది. "వద్దమ్మా" అన్నాను. అక్కడితో ఆగానా? సంచిలోంచి నా డబ్బా, నా నీళ్ళసీసా తీసి, దర్జాగా కీరా ముక్క కొరికాను. వాళ్ళకి శ్రమ తప్పించాననే అనుకున్నాను, నమ్మండి!

పిల్ల నాయనమ్మ ముందుకొచ్చింది.

"ఏటి బాబూ, మా ఇంటి మంచినీళ్ళు కూడా మీకు పనికిరావేటి?"

"అబ్బెబ్బే, డైటింగమ్మా."

"అంటే ఏటి?"

"తిండి తగ్గించడం."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ పక్కనుంచి ఈ పక్కకి కూడా చూసింది, దానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. ఆపైన కొడుకు వైపు తిరిగింది.

"సూసినావేట్రా? ఆళ్ళింటి ఆడపిల్ల మొగుడికి కీరా ముక్కలు కట్టి తెచ్చినాది! ఆ ఇంట్లో పొయ్యి ఎలుగుతాదేటి? రేపు మన పిల్లకేటి పెడతారు? ఈ సమ్మందం మనకొద్దు!"

నేనట, తిండికి మొహం వాచినవాణ్ణట! నా చొక్కా గుండీలు సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉన్నాయి, అడిగే నాథుడేడీ?

తలుపు దగ్గర పిల్ల కళ్ళు తుడుచుకుంది. రమణ నా చెవిలో ఏడుపుగొంతుతో, "బావా, నాకు పిల్ల నచ్చినాది. నీ కాళ్ళు మొక్కుతాను, ఆ సున్నుండ తినీ బావా!" అన్నాడు. లక్ష్మి చూపు మాత్రం కాళ్ళు మొక్కే చూపు కాదు, విరగ్గొట్టే చూపు.

తిన్నాను. ఒకటి తింటే "మొగమాటపడతన్నాడు పాపం" అని రెండోది వేసింది నాయనమ్మ. రెండోదీ తింటే "ఎన్నాళ్ళ ఆకలో!" అని ఇంకో రెండు. తర్వాత భోజనం. గారెలు, కోడికూర. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే నెయ్యి పోసింది.

"తిను నాయనా. మీ ఆవిడ సూస్తాదని బయపడకు, నానున్నాను."

లక్ష్మి పళ్ళు నూరుతూ "తినండీ!" అంది. విస్తరి ఖాళీ చేశాక నాయనమ్మ కొడుకుతో, "తిన్నాడ్రా. కాయం సేసీ" అంది.

పెళ్ళి కుదిరాక కూడా ఆవిడ నన్ను వదల్లేదు. ఊరినుంచి ఎవరొచ్చినా డబ్బా నిండా తీపి. మొగుణ్ణి పస్తులుంచుతోందన్న మాట పోగొట్టుకోవడానికి లక్ష్మి అదంతా నాచేతే తినిపించింది.

పెళ్ళినాడు నాయనమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తిప్పుతూ చుట్టాలందరికీ చూపించింది.

"అప్పుడు పుల్లలాగున్నాడమ్మా! నా సేత్తో పెట్టినాక కొద్దిగా ఒళ్ళొచ్చినాది."

పుల్లట! నేను! ఆ మాటకు జవాబిచ్చేలోపే ఫొటోలు తీసే కుర్రాడు అరిచాడు.

"సార్, మీరు పక్కకి జరగండి, పెళ్ళికొడుకు కనబడతం లేదు!"

అందుచేత మా ఊరి పైడితల్లమ్మ సాక్షిగా చెబుతున్నాను: ఈ జన్మలో మళ్ళీ పరాయివాళ్ళ అరుగు మీద కూర్చుని సన్నబడను.