రెండే సీట్లు

బూర్గంపాడులో నేను పనిచేసే ప్రైవేటు స్కూల్లో హరిప్రసాద్ ఒకప్పుడు లెక్కల సారు. పాఠాల సంగతి ఎలా ఉన్నా అడ్మిషన్లు పట్టడంలో మాత్రం ఘనుడు. ఏప్రిల్ వస్తే యాజమాన్యం తలా ఇన్ని అడ్మిషన్లని టార్గెట్ పెట్టి మమ్మల్ని ఎండలోకి తోలేది. ఆయన ముందు, పాంప్లెట్లు మోస్తూ నేను వెనక. సారపాక దాకా ఇల్లిల్లూ తిరిగి, ఇచ్చిన మంచినీళ్లు తాగి, ప్రతి వాకిట్లో ఆయన అదే మాట వదిలేవాడు: "రెండే సీట్లున్నయమ్మా. ఇయ్యాల రాయించుకోకుంటే నా జిమ్మేదారీ లేదు."

మా క్లాసుల్లో సగం బెంచీలు ఖాళీ. ఆగస్టులో కూడా మాకు రెండే సీట్లు మిగిలేవి. ఆ అబద్ధం నాకు నేర్పింది ఆయనే.

తర్వాత మస్కట్‌లో స్టోర్‌కీపర్ ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. రెండేళ్లకు భార్య భవానిని, కూతురు భానును అక్కడికే తీసుకెళ్లాడు. బిడ్డ రోజూ కళ్లెదుట ఉండాలన్నది ఆయన కోరిక. దానికి నేను వంక పెట్టను. వంకంతా స్కూలు ఎంచుకున్న తీరులోనే ఉంది. అక్కడి నాలుగు ఇండియన్ స్కూళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని, అడ్మిషన్ కోసం వాళ్లే వస్తారని ఇంట్లో కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఇంటికి రాని స్కూలు అదేం స్కూలని నాకు ఫోన్ చేసి మరీ విసుక్కున్నాడు.

చివరికి భవానే ఒక స్కూలుకు దరఖాస్తు పెట్టింది. మూడో తరగతిలో రెండే సీట్లున్నాయనీ, గురువారంలోగా రమ్మనీ మెసేజ్ వచ్చింది. అది చూసి హరిప్రసాద్ పగలబడి నవ్వాడట.

"నా దగ్గరనా గీ మాటలు? ఆగు. వచ్చే వారం వాళ్లే ఫోన్ జేసి ఫీజు తగ్గిస్తమంటరు."

"అన్ని స్కూళ్లు నీ స్కూలు లెక్కనే ఉంటయా? పోయి రారాదు," అంది భవాని.

పోలేదు. అక్కడి శుక్ర, శని సెలవులు గడిచాక ఆదివారం తీరిగ్గా వెళితే, సీట్లు బుధవారమే నిండిపోయాయని కౌంటర్‌లో అమ్మాయి చెప్పింది. "ఒక్క సీటు ఇప్పించమ్మా," అని బతిమాలాడు. ఊళ్లో వాకిళ్ల ముందు మేము వాడిన గొంతే అది. ఆమె మంచినీళ్లిచ్చి పంపించింది. మిగతా మూడు స్కూళ్లలోనూ అప్పటికే అడ్మిషన్లు అయిపోయాయి.

బిడ్డకు ఏడాది చదువు పోతుందని, మే నెలలో తల్లీకూతుళ్లు బూర్గంపాడు వచ్చేశారు. టార్గెట్ తప్పదు కాబట్టి నేనూ వాళ్లింటికి వెళ్లాను. భాను తండ్రితో వీడియో కాల్‌లో ఉంది.

"నాన్నా, మళ్ల నేను నీ దగ్గరికి ఎప్పుడు రావాలె?" అని అడుగుతోంది.

అలవాటుకొద్దీ భవానితో అనేశాను: "మేడం, రెండే సీట్లున్నయి." అని నాలుక కరుచుకున్నాను. ఫోన్‌లో ఆయన నవ్వుతాడనుకున్నాను.

నవ్వలేదు. "రాందాసూ, ఒకటి భానుకు రాయి. జల్దీ రాయి, మళ్ల అయిపోతయి," అన్నాడు.

మా మూడో తరగతిలో ఉన్నదే ఐదుగురు. చెప్పడానికి సిగ్గేసింది, చెప్పలేదు. పెన్ను తీసి భాను పేరు రాసుకున్నాను. నా టార్గెట్‌కు ఇంకా పదకొండు మంది కావాలి.