గంట కట్టిన గొర్రె, గుడ్డి గుర్రం

మాది పెనుకొండ దగ్గర పల్లె. రెండు కండ్లూ పోయిన పెండ్లి గుర్రాన్ని దాని యజమాని హిందూపురం రోడ్డు మీద వదిలేసి పోతే, నేను తోలుకొచ్చి సాకుతున్నాను. మేపేది మా చేలో వేరుశనగ కాయలు తెంపుకోగా మిగిలిన చెనిక్కాయ కట్టె. మా ముసలి గొర్రె మెడకు గంట కట్టాను. ఆ చప్పుడు వెంటే గుర్రం తిరుగుతుంది.

ఈ ఎండాకాలంలో ఆ యజమాని ఆటోలో దిగాడు.

"ఏమవ్వా, బాగా కండ పట్టిందే! ధర్మవరంలో పెండ్లి ఉండాది. తోలుకపోతా."

"కండ్లు లేనిదాన్ని బ్యాండు నడుమ యెట్ల నడిపిస్తావురా?"

"కండ్ల మీద జరీ గుడ్డ కట్టేస్తే ఎవరికి తెలుస్తాది?"

అతని గొంతు వినగానే గుర్రం వణుకుతూ వెనక్కి జరిగి ముళ్లకంచెలో పడింది. వెనక తొడ చీరుకుపోయి రక్తం కారింది. దాన్ని బయటికి లాగేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. అతని భుజం మీది టవలు తీసి అతని కండ్లకే కట్టాను. ముసలిదాని ఆట అనుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

"ఇంగ ఆటో దాకా నడువు. దావలో కంచె ఉండాదో, గుంత ఉండాదో నేను చెప్పను."

రెండు చేతులూ ముందుకు చాచాడు. రెండడుగులు వేసి, మూడోది పడక ఆగిపోయాడు.

"ఏమబ్బా, నిలబడితివే? పెండ్లోళ్లు కాచుకోనుండారు, నడువు!"

టవలు పీకేసి, గుర్రం వైపు చూడకుండా ఆటో ఎక్కాడు.

గుర్రం గాయం మానింది. నా కోపం మానలేదు. ఇప్పుడు ఏ ఊరేగింపు ఎదురైనా నేను పెండ్లికొడుకును చూడను, గుర్రం కండ్లు చూస్తాను.