కనుబొమలతో పిలిచే ఇల్లు

మా ఇంట్లో ఎవరినీ గొంతెత్తి పిలవం. గోడకు అవతలే సాంచలు, అంటే మా సిరిసిల్ల మరమగ్గాలు. అవి మొదలయ్యాక ఎంత అరిచినా వినిపించదు. అందుకని ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడుకుంటాం. కనుబొమలు ఎగరేస్తే "ఏంది?" అని. వేళ్లు నోటి దగ్గరికి తెస్తే "తిన్నవా?" అని.

మా కూతురు మొదటి కాన్పుకు మా ఇంటికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. నేను కూర్చొని కండెలకు నూలు చుట్టే చోటుకు పక్కనే ఉయ్యాల కట్టుకున్నాను. అంత మోతలోనూ మనుమరాలు హాయిగా నిద్రపోయేది. మూడో నెలకే, నేను కనుబొమలు ఎగరేస్తే చాలు, బోసినోటితో నవ్వేది. ఇంత తెలివైన పిల్ల మా వాడలోనే లేదని అందరికీ చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను.

ఐదో నెలలో తల్లీబిడ్డలను కోరుట్లకు, అత్తగారింటికి పంపాం. అక్కడ ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప మరొకటి ఉండదు. మా వియ్యపురాలు ముచ్చటపడి బ్యాటరీ చిలుక, పాటలు పాడే కారు, ఇంకా ఏవేవో కొన్నది. కొన్ని రోజులకే ఫోన్ చేసింది.

"వదినా, ఎనకనుంచి ఎంత మోగిచ్చినా పిల్ల మర్లి సూస్తలేదు. మీ సాంచల సప్పుడుకు చెవులు పోయినయో ఏమో."

నాకు ఒళ్లు మండింది. మా సాంచలను అంటే నన్ను అన్నట్టే. కానీ ఫోన్ పెట్టేశాక కోపం దిగిపోయి భయం పట్టుకుంది. ఆమె అన్నదే నిజమైతే?

తెల్లారి మొదటి బస్సుకే కోరుట్ల పోయాను. నా మొహం చూడగానే పిల్ల కాళ్లూ చేతులూ ఆడించింది. వెనక్కి వెళ్లి చిలుకను మోగించాను. తిరగలేదు. పేరు పెట్టి గట్టిగా అరిచాను. ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూశారు గానీ పిల్ల చూడలేదు. తన కాలి బొటనవేలు పట్టుకొని ఆడుకుంటూ ఉంది.

ఆ పొద్దే ముగ్గురం పిల్లను తీసుకొని జగిత్యాల వెళ్లాం. పిల్లల డాక్టరు చెవుల పరీక్ష చేయించాడు. బయట బల్ల మీద కూర్చున్నప్పుడు వియ్యపురాలు నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.

"చెవులు మంచిగున్నయమ్మా," అన్నాడు డాక్టరు. నాకు ఏడుపు ఆగలేదు.

"మరి పిలిస్తె ఎందుకు సూస్తలేదు సారూ?" మా కూతురు అడిగింది.

"మీ ఇంట్ల ఎట్ల పిలుస్తరు?"

నేనూ మా కూతురూ ఒకేసారి కనుబొమలు ఎగరేశాం. వియ్యపురాలు ఫక్కున నవ్వింది. డాక్టరుకూ నవ్వాగలేదు.

చప్పుడును పట్టించుకోకుండా మొహాన్ని చూడాలని పిల్ల మా దగ్గరే నేర్చుకుందట. ఇక సాంచల పక్కన పడుకోబెట్టొద్దని, లేత చెవులకు అంత మోత మంచిది కాదని గట్టిగా చెప్పాడు. అరిచే బొమ్మలు వద్దు, మెల్లగా మోగే గిలక్కాయ ఒక్కటి చాలు అన్నాడు. మింగేంత చిన్నది కాకూడదు, ఊడిపోయే ముక్కలు ఉండకూడదు.

"అన్నిటికన్న ముందు మీరు మాట్లాడుండ్రి. జెర మెల్లగ," అన్నాడు నన్ను చూసి.

జగిత్యాల బజారులో గిలక్కాయను నేనే ఏరాను. ప్రతిదాన్నీ గుంజి, వంచి, గోటితో గీకి చూస్తుంటే దుకాణమతనికి చిరాకొచ్చింది. "కొంటవా అవ్వా, ఇరగ్గొడ్తవా?" అన్నాడు. విరగనిదే కొన్నాను.

కోరుట్లలోనే ఉండిపోయాను. వియ్యపురాలు గిలక్కాయను పిల్లకు చూపించి మోగించేది, తర్వాత పక్కకు జరిపి మోగించి, పిల్ల తిరిగేదాకా ఆగేది. నా వంతు మాట్లాడటం. మెల్లగా అందామంటే గుసగుస అయ్యేది, లేదంటే కేక అయ్యేది. ఆ రెంటికీ నడుమ నాకు గొంతే లేదు.

"పిల్లకన్న మీకే కష్టమైతున్నది వదినా," అని ఆమె నవ్వేది.

ఒక మధ్యాహ్నం పిల్ల చాప మీద బోర్లా పడి గిలక్కాయను చీకుతోంది. నేను వెనక కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. నేర్పాలన్న ఆలోచన కూడా లేదు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అన్నాను. అది గుసగుసా కాదు, కేకా కాదు.

గిలక్కాయ చప్పుడు ఆగింది. పిల్ల మెడ తిప్పింది. వెతికి వెతికి నా మొహాన్ని పట్టుకుంది. నేను కావాలనే కనుబొమలు కదపలేదు. నన్నే చూస్తూ తన రెండు బొమలూ పైకెత్తింది.

వియ్యపురాలి కోసం ఒక్క కేక పెట్టాను. ఎదురింటివాళ్లు మళ్లీ బయటికొచ్చారు. ఇంత తెలివైన పిల్ల కోరుట్లలోనే లేదని వాళ్లకూ చెప్పాను.