అబద్ధాలకోరుల జాబితా

ఆ పేటలో అందరూ ఆమెను సర్వే అక్క అనే పిలిచేవారు. పంతొమ్మిదేళ్లుగా ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడగడమే ఆమె ఉద్యోగం. ఆ ఏడు ఆమె సంస్థ కొత్త పద్ధతి పెట్టింది. సంతకం పెట్టి ఒప్పుకున్నవాళ్ల ఫోన్లో ఒక యాప్ వేస్తారు. ఏం చూశారో, ఏం వెతికారో అది దానంతటదే రాసుకుంటుంది. నెలకోసారి అక్క వెళ్లి అవే సంగతులు నోటితో అడుగుతుంది. ఆఫీసువాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి సరిచూస్తారు.

మూడో నెలలో సూపర్‌వైజరు ఆమె ముందు ఒక జాబితా పడేశాడు.

"మీ ఏరియాలో సగం మంది అబద్ధాలకోరులే మేడమ్. లేకపోతే మీరే ఇంట్లో కూర్చుని టిక్కులు పెట్టేస్తున్నారా?"

అక్కకు ఒళ్లు మండిపోయింది. చెప్పులరిగేలా తిరిగే మనిషిని పట్టుకుని ఎంత మాట!

జాబితాలో మొదట ఉన్నది బట్టలు కుట్టే ఆవిడ. జబ్బుల గురించి ఎప్పుడూ వెతకలేదని చెప్పింది. ఆమె ఫోనేమో గొంతు క్యాన్సర్ గురించి నలభైమూడు సార్లు వెతికినట్టు చూపిస్తోంది.

మర్నాడు అక్క ఆ ఇంటికి వెళ్లి మళ్లీ అడిగింది.

"నాకంత తీరికెక్కడిదక్కా! గౌన్ల డిజైన్లు చూడ్డానికే టైము చాలట్లేదు. మధ్యాహ్నాలు ఫోను ఆయన దగ్గరే ఉంటుంది," అంది ఆవిడ, మిషను ఆపకుండానే.

గుమ్మంలో నిలబడ్డ భర్త ముఖంలో నెత్తుటిచుక్క లేదు. "మంచినీళ్లు తెమ్మంటారా?" అన్నాడు. గొంతు బొంగురుగా పలికింది. అక్కకు విషయం బోధపడింది. నోటిదాకా వచ్చిన రెండో ప్రశ్న మింగేసి లేచింది.

వీధి మలుపుదాకా అతను వెంట వచ్చాడు.

"మీకు తెలిసిపోయింది కదూ? మా ఆవిడకు చెప్పకండక్కా, బెంగపెట్టుకుంటుంది."

"నేను చెప్పను, మీరే చెప్పండి. ఫోన్ని అడిగితే ఏం లాభం తమ్ముడూ, డాక్టర్ని అడగాలి గానీ."

అక్కడినుంచి తిన్నగా ఆఫీసుకెళ్లింది.

"సంతకం పెట్టింది ఆవిడ. ఆయన పెట్టలేదు. ఆయన భయం మీ కాగితాల్లోకి ఎలా వచ్చింది?"

"ఒక్క ఇల్లే కదా మేడమ్, లెక్కలోంచి తీసేద్దాం," అన్నాడు సూపర్‌వైజరు.

"తీసేస్తే ఆవిడ అబద్ధాలకోరుగానే మిగిలిపోతుంది. ఈ ఫోను ఇంకెవరు వాడతారని ఒక్క ప్రశ్న అడగాలని మీలో ఒక్కరికీ తోచలేదా?"

అతను మొహం చిట్లించాడు. ఆమె పై అధికారి గది ముందు బల్ల మీద కూర్చుని, లోపలికి పిలిచేదాకా కదల్లేదు. ఎట్టకేలకు ఆ ప్రశ్న ఫారంలో చేరింది. జాబితాలోని అరవైనాలుగు ఇళ్లలో నలభైతొమ్మిదింట ఫోను ఒక్కరి చేతిలోనే ఉండేది కాదు. ఆ భర్త వెతికినవన్నీ ఆఫీసువాళ్లు తమ రికార్డుల్లోంచి చెరిపేశారు. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు. నివేదికలో 'పద్ధతిని మెరుగుపరిచాం' అని రాసుకున్నారు, ఎవరు పోరితే మెరుగుపడిందో రాయలేదు.

రెండు వారాలకు కుట్టుపని ఆవిడ ఫోన్ చేసింది. "ఆయన చెప్పేశారక్కా. ఆస్పత్రికి తీసుకెళ్లాను. గడ్డేగానీ క్యాన్సర్ కాదట. ఆయనొక్కరే కుమిలిపోతుంటే నాకు తెలీలేదు, మీ ఆఫీసుకు తెలిసింది! ఆ యాప్ పీకేశాను, ఏమనుకోకండి."

"మంచి పని చేశావమ్మా," అంది అక్క.

ఆ రోజు కొత్తగా చేరబోయే ఇంటికి వెళ్లి, సంతకాల కాగితం బయటికి తీయకముందే, ఇంట్లో వాళ్లందర్నీ ముందుగదిలోకి పిలవమంది.